ఒట్టో కోనిగ్స్‌బర్గర్: బెర్లిన్ నుంచి జంషెడ్‌పూర్‌కు

జంషెడ్‌పూర్ నగరాభివృద్ధి ప్రణాళికను రూపొందించిన వాస్తుశిల్పి ఒట్టో కోనిగ్స్‌బర్గర్ 1908లో బెర్లిన్‌లో, యూదు మూలాలున్న కుటుంబంలో జన్మించారు. 1933లో ఆయనను ప్రతిష్ఠాత్మకమైన షింకెల్ బహుమతి వరించింది. అదే ఏడాది ప్రభుత్వ కొలువు పోయింది. యూదు ఉద్యోగులను తొలగిస్తూ ఏప్రిల్ 7న నాజీలు తెచ్చిన చట్టం, మొదటి ప్రపంచ యుద్ధ రంగంలో పోరాడిన సైనికులను మాత్రం తొలుత మినహాయించింది. యుద్ధం ముగిసేనాటికి పదేళ్ల బాలుడైన ఆయనకు ఆ పాటి రక్షణ కూడా దక్కలేదు. మాజీ సైనికులకిచ్చిన ఆ వెసులుబాటు సైతం 1935లో రద్దయింది.

ఈజిప్టులో కొన్నేళ్లు పనిచేసి, 1939లో మైసూరు సంస్థానంలో ప్రభుత్వ వాస్తుశిల్పిగా చేరారు. యుద్ధకాలంలో టాటా సంస్థ ఆయనకు జంషెడ్‌పూర్ పని అప్పగించింది. సాక్చి గ్రామం వద్ద ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ ఊరికి 1919లో జంషెడ్‌జీ పేరు పెట్టారు. బడి, అంగడి, ఆటస్థలం ఇళ్లకు చేరువలోనే ఉండే నివాస విభాగాలుగా నగరం విస్తరించాలన్నది కోనిగ్స్‌బర్గర్ ప్రతిపాదన. భువనేశ్వర్ ప్రణాళిక కూడా ఆయనదే.

1948లో భారత ప్రభుత్వ గృహనిర్మాణ సంచాలకుడిగా నియమితులయ్యారు. స్వదేశం నుంచి గెంటివేతకు గురైన వ్యక్తికి, దేశవిభజన శరణార్థులకు నీడ కల్పించే బాధ్యత దక్కింది. 1951లో లండన్ వెళ్లి, ఉష్ణమండల వాస్తుశిల్ప బోధనలో స్థిరపడ్డారు. 1999లో మరణించారు.