తెలుగు శాఖల్లో పరిశోధన, ఉద్యోగ నిరీక్షణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు సాహిత్య పరిశోధన తొలిదశలో అధ్యాపకోద్యోగం ముందు వచ్చింది, డాక్టరేట్ పట్టా తరువాత వచ్చింది. 1989 తరువాత ఈ క్రమం తలకిందులైంది. అర్హత నిబంధనలు పలుమార్లు మారడం వల్ల సిద్ధాంతగ్రంథం పూర్తిచేసే కాలమే పరిశోధకుని జీవితంలో అత్యంత అనిశ్చితమైన కాలంగా పరిణమించింది. ఆ మార్పు జరిగిన తీరును, అది పరిశోధకుల జీవనం మీద చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: తెలుగు పరిశోధన, సిద్ధాంతగ్రంథం, నెట్, ఫెలోషిప్, ఉద్యోగార్హత, ఒప్పంద అధ్యాపకులు.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధన చరిత్రను రాసినవారు ఎక్కువగా సిద్ధాంతగ్రంథాల పట్టికలను, వాటి వస్తువైవిధ్యాన్ని, పర్యవేక్షకుల పరంపరను పరిశీలించారు. ఆ గ్రంథాలు రాస్తున్న సంవత్సరాల్లో పరిశోధకుడు దేనిమీద బతికాడు, ఎవరి గదిలో తలదాచుకున్నాడు, ఏ ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూశాడు అనే ప్రశ్నలకు ఆ చరిత్రలో చోటు దొరకలేదు. వాటికి ఆధారాలు లేక కాదు. ప్రతి సిద్ధాంతగ్రంథంలోనూ ‘కృతజ్ఞతలు’ అనే పుట ఉంటుంది. పర్యవేక్షకుడికి, శాఖాధ్యక్షుడికి నమస్కారాలు ముగిశాక, అడిగినప్పుడల్లా డబ్బు సర్దిన అన్నయ్య, పిల్లల్ని చూసుకున్న అత్తగారు, గదిలో చోటిచ్చిన మిత్రుడు, అప్పు మీద డి.టి.పి. చేసిపెట్టిన నిర్వాహకుడు ఆ పుట చివరి పేరాలోకి వస్తారు. పరీక్షకులు ఆ పేరాను చదివి ముందుకు సాగిపోతారు. పరిశోధన జరిగిన పరిస్థితులకు మాత్రం దానికంటె ప్రత్యక్షమైన సాక్ష్యం మరొకటి దొరకడం కష్టం.

2. కొలువు ముందు, పట్టా తరువాత

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడ్డాయి. ఈ రెండింటిలో తెలుగు పరిశోధనకు పునాది వేసిన తరంలో చాలామంది అధ్యాపకులుగా పనిచేస్తూనే డాక్టరేట్ పొందారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో పాఠాలు చెబుతూ జానపద గేయాలను సేకరించి, 1956లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అనే పరిశోధనకు డాక్టరేట్ అందుకున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకత్వం చేపట్టిన తరువాత అమెరికా వెళ్లి, 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకున్నారు. సి. నారాయణరెడ్డి ఆధునికాంధ్ర కవిత్వంపై చేసిన పరిశోధనకు 1962లో డాక్టరేట్ వచ్చింది. ఆయన సినీగేయ రచన ఆరంభమైనదీ ఆ సంవత్సరమే. నెల జీతం వస్తున్న అధ్యాపకుడికి పరిశోధనతో పాటు మరో వ్యాపకానికి కూడా తీరిక ఉండేదనడానికి ఇంతకుమించిన ఉదాహరణ అక్కరలేదు. నాయని కృష్ణకుమారి కూడా అధ్యాపకురాలిగా ఉంటూనే జానపద గేయగాథలపై పరిశోధన పూర్తిచేశారు.

వీరి కృషిని తక్కువచేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఊరూరా తిరిగి పాటలు రాసుకోవడం సులభమైన పని కాదు. అయితే వారికి గడువు భయం లేదు. గ్రంథం ఐదేళ్లకు పూర్తయినా, పదేళ్లకు పూర్తయినా ఉద్యోగానికి ముప్పు లేదు. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ భద్రత అందినవారు కొద్దిమందే, వారిలో అధికులు అప్పటికే చదువు చేరిన కులాలనుంచి, కుటుంబాలనుంచి వచ్చినవారు. కనుక ఆ కాలాన్ని స్వర్ణయుగంగా తలచి నిట్టూర్చడం చారిత్రకంగా సరికాదు.

1970, 80 దశకాల్లో విశ్వవిద్యాలయాలు పెరిగాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో, కాకతీయ, నాగార్జున విశ్వవిద్యాలయాలు 1976లో, తెలుగు విశ్వవిద్యాలయం 1985లో వచ్చాయి. ఎం.ఏ. ముగించినవారు నేరుగా ఎం.ఫిల్., పిహెచ్.డి.లో చేరడం అప్పుడే బలపడింది.

3. మారిన గీతలు

1986 వేతన సవరణ తరువాత అధ్యాపక నియామకాలకు జాతీయస్థాయి పరీక్ష ఉండాలని కేంద్రప్రభుత్వం 1988 జూలైలో నిర్ణయించింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం తొలి నెట్ పరీక్షను 1989 డిసెంబరు, 1990 మార్చి నెలల్లో రెండు విడతలుగా నిర్వహించింది. అంతవరకు విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టాకు, ఉద్యోగానికి మధ్య ఉన్న దారిలో ఢిల్లీ ఒక ద్వారం నిలబెట్టింది. ఆ ద్వారం తెరుచుకునే వేళలు మాత్రం తరచుగా మారాయి. 1993 డిసెంబరు 31 లోపు సిద్ధాంతగ్రంథం సమర్పించినవారికి నెట్ అవసరం లేదని ఒక నిబంధన చెప్పింది. తరువాతి సవరణ ఆ గడువును 2002 డిసెంబరు 31కి జరిపింది. 2006లో పిహెచ్.డి. ఉన్నవారందరికీ మినహాయింపు ఇచ్చి, ఎం.ఫిల్. చేసినవారిని డిగ్రీ స్థాయి బోధనకు అర్హులన్నారు. మూడేళ్లు తిరగకముందే అదీ మారింది.

2009 జూలై 11న అమలులోకి వచ్చిన నిబంధనలు ఈ చరిత్రలో అన్నిటికంటె లోతైన గీత గీశాయి. ప్రవేశపరీక్ష, కోర్సువర్కు వంటివి ఉన్న కొత్త పద్ధతిలో పట్టా పొందినవారికే నెట్ మినహాయింపు అన్నారు. అంతకుముందు నమోదై, పాత పద్ధతిలో నిజాయితీగా పనిచేస్తున్నవారి సంగతి ఎవరూ ఆలోచించలేదు. పరిశోధకుడు నమోదైన నాడు అతని ముందు ఒక నియమం ఉంది, గ్రంథం సమర్పించిన నాటికి మరొకటి వచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. పి. సుశీల కేసులో 2015 మార్చిలో వచ్చిన తీర్పు సంఘం నిబంధనలనే సమర్థించింది. మరుసటి సంవత్సరం సంఘం తానే దిగివచ్చి, 2009 జూలై 11కు ముందు నమోదైనవారికి అయిదు షరతులతో మినహాయింపు ఇచ్చింది. రెగ్యులర్ పద్ధతిలో చదివి ఉండాలి, కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు మూల్యాంకనం చేసి ఉండాలి, మౌఖికపరీక్ష బహిరంగంగా జరిగి ఉండాలి, పరిశోధన నుంచి రెండు పత్రాలు అచ్చయి ఉండాలి, సదస్సుల్లో రెండు పత్రాలు సమర్పించి ఉండాలి. ఇవన్నీ నెరవేరాయని విశ్వవిద్యాలయాధికారి ధ్రువపత్రం ఇవ్వాలి.

2009 నుంచి 2016 వరకు ఏడేళ్లు. సర్వీస్ కమిషన్ ప్రకటనలకు వయఃపరిమితి ఉంటుంది. ముప్పైమూడేళ్ల వయసులో పట్టా చేతికి వచ్చినవారు నలభైకి చేరేసరికి తమ పట్టా చెల్లుతుందన్న వార్త విన్నారు. అప్పటికి వారిలో కొందరు ప్రైవేటు జూనియర్ కళాశాలల్లో కుదురుకున్నారు. కొందరు భాషాపండితులై పాఠశాలలకు వెళ్లారు. నిబంధన సవరణ వారికి అర్హతను తిరిగి ఇచ్చింది, గడిచిన కాలాన్ని ఇవ్వలేదు.

4. ఫెలోషిప్ అనే తొలి జీతం

ఈ కాలంలోనే తెలుగు శాఖల్లోకి కొత్త పరిశోధకులు వచ్చారు. దళిత, ఆదివాసి, వెనుకబడిన కులాల కుటుంబాలనుంచి మొదటిసారి విశ్వవిద్యాలయానికి వచ్చినవారు. ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు 2005-06లో మొదలైన రాజీవ్‌గాంధీ జాతీయ ఫెలోషిప్ ఇందుకు ముఖ్యమైన ఊతం. అది ఇంటికి వచ్చిన తొలి నెలజీతం. మెస్ బిల్లు కట్టాక మిగిలింది ఊరికి చేరేది. చెల్లెలి పెళ్లికి, తండ్రి వైద్యానికి, బోరుబావి అప్పుకు అదే ఆధారం. దళితసాహిత్యం, కులవృత్తుల పదజాలం, ఉపకులాల కథాగానాలపై జరిగిన పరిశోధనలో గణనీయమైన భాగం ఈ డబ్బుతో సాగింది. పరిశోధనాంశాల విస్తృతిని మెచ్చుకునే సమీక్షకులు ఈ ఆర్థికమూలాన్ని తరచుగా విస్మరిస్తారు.

జె.ఆర్.ఎఫ్. మొత్తం 2014 చివరలో 25,000, 2019లో 31,000, 2023లో 37,000 రూపాయలైంది. కాగితం మీద ఇది మంచి మొత్తమే. నెలనెలా అందకపోవడమే అసలు ఇబ్బంది. ఆరునెలల బకాయి ఒక్కసారి పడితే, అందులో అయిదునెలల సొమ్ము అప్పులవాళ్లకే పోతుంది. నెట్ లేనివారి స్థితిలో మరో తేడా ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేసేవారికి నెలకు 8,000 రూపాయల నాన్‌నెట్ ఫెలోషిప్ ఉంది. 2015 అక్టోబరులో దాన్ని ఆపివేయాలని నిర్ణయించినప్పుడు దేశవ్యాప్తంగా విద్యార్థులు ఆందోళన చేశారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అసలు ఆ పథకమే వర్తించదు. ఒకే నగరంలో, గచ్చిబౌలిలో చదివే పరిశోధకుడికి, తార్నాకలో చదివే పరిశోధకుడికి మధ్య ఉన్న దూరం ఇరవై కిలోమీటర్లు మాత్రమే కాదు.

5. రెండు బల్లలు

ఉస్మానియా వసతిగృహాల్లో ‘నాన్‌బోర్డర్’ అనే మాట అందరికీ తెలుసు. గడువు ముగిసి గది కోల్పోయినా, మిత్రుని గదిలో చాప పరుచుకుని గ్రంథం పూర్తిచేసే పరిశోధకుడి పేరు అది. అతని బల్లమీద రెండు రకాల పుస్తకాలుంటాయి. ఒకవైపు పరిశోధనాంశానికి సంబంధించినవి, మరోవైపు పోటీపరీక్షలకు సంబంధించినవి. మొదటివి లోతు అడుగుతాయి, రెండోవి వెడల్పు అడుగుతాయి. నెట్ తెలుగు పత్రానికి నన్నయ నుంచి నేటి కథ వరకు, వ్యాకరణం, ఛందస్సు, భాషాశాస్త్రం అన్నీ కావాలి. ఒక కవిమీద నాలుగేళ్లు పనిచేసినవారు ఆ పరీక్షలో ఒక్క మార్కుతో తప్పిపోవడం వింతేమీ కాదు. ఈ రెండు చదువుల మధ్య పరిశోధకుడు నలిగిన తీరు చాలా గ్రంథాల్లోనే కనిపిస్తుంది. మొదటి రెండు అధ్యాయాల్లో ఉన్న పరిశీలన చివరి అధ్యాయానికి వచ్చేసరికి సారాంశ కథనంగా పలచబడుతుంది. దీన్ని సోమరితనమని తేల్చేముందు ఆ సంవత్సరపు ఉద్యోగ ప్రకటనల తేదీలు చూడటం న్యాయం.

తెలంగాణ ఉద్యమ నినాదంలో నీళ్లు, నిధులతో పాటు నియామకాలు చేరడానికి ఈ వసతిగృహాల అనుభవమూ ఒక కారణం. 2009 చివరినుంచి ఉస్మానియా, కాకతీయ ప్రాంగణాల్లో ఎందరో పరిశోధకులు తమ పనిని పక్కనపెట్టి ఉద్యమంలోకి దిగారు. రాష్ట్రం 2014లో వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు మాత్రం కదలలేదు. ఉమ్మడి నియామక మండలి కోసం 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లుకు గవర్నర్ సమ్మతి లభించలేదు. ఈలోగా తరగతులను నడిపింది ఒప్పంద, పార్ట్‌టైం అధ్యాపకులు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని అకడమిక్ కన్సల్టెంట్లు అన్నారు. పేరు పెద్దది, సెలవుల్లో జీతం ఉంటుందో ఉండదో తెలియని కొలువు.

6. పత్రాల లెక్క, కొత్త నిబంధనలు

2016 నిబంధనలు గ్రంథ సమర్పణకు ముందే ఒక పత్రం ప్రచురించాలని, సదస్సుల్లో రెండు పత్రాలు చదవాలని షరతు పెట్టాయి. తెలుగులో పరిశోధన పత్రికలు, జాతీయ సదస్సులు, వాటి సంకలనాలు విస్తరించడానికి సాహిత్యాభిమానం కంటె ఈ షరతే ఎక్కువ తోడ్పడిందని ఒప్పుకోవాలి. అచ్చురుసుము చెల్లించడానికి పరిశోధకుడు మళ్లీ అప్పు చేశాడు. 2022 నిబంధనలు ఆ షరతును తొలగించాయి, ఎం.ఫిల్.ను రద్దుచేశాయి. గుర్తింపు పొందిన పత్రికల ‘కేర్’ జాబితాను 2025లో సంఘమే ఉపసంహరించుకుంది. విశ్వవిద్యాలయ సహాయాచార్య పదవికి పిహెచ్.డి. తప్పనిసరి అని 2018లో చెప్పి, అమలును 2021 నుంచి 2023కు వాయిదావేసి, చివరకు 2023లో నెట్, సెట్ చాలునన్నారు. తప్పనిసరి అన్న మాట నమ్మి పరిశోధనలో చేరినవారు అప్పటికి నడిదారిలో ఉన్నారు.

తెలంగాణలో 2022 డిసెంబరులో వెలువడిన ప్రకటన 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులను చూపింది. ఆ ఉద్యోగానికి ఎం.ఏ. సరిపోతుంది. అటువంటి పరీక్షకు డాక్టరేట్ పొందినవారు, గ్రంథం సగం రాసినవారు, వారు పార్ట్‌టైంగా పాఠం చెప్పిన విద్యార్థులు ఒకే గదిలో కూర్చుని రాస్తారు. ఎంపికైన పరిశోధకుడు తన ఫెలోషిప్ వదులుకుని, జూనియర్ కళాశాలలో చేరి, శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, మిగిలిన అధ్యాయాలు రాయడానికి పార్ట్‌టైం పరిశోధకుడిగా మారాలి. రామరాజు తరం నాటి క్రమం ఇక్కడ మరో రూపంలో తిరిగి వచ్చింది. అయితే ఆయన జీతం పొందినది తాను పరిశోధన చేసిన శాఖలోనే. ఈ అధ్యాపకుడు పని ముగించుకుని సెలవురోజున బస్సెక్కి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లాలి.