ఐర్లాండుకు రెండుసార్లు వెళ్లిన రాజు

ఈసారి మన ఊళ్లు దాటి దూరం పోదాం. ఇంగ్లండు రాజు రెండవ రిచర్డ్ ఐర్లాండుకు 1394లో ఒకసారి, 1399లో ఒకసారి వెళ్లాడు.

అప్పటికి ఇంగ్లీషువాళ్లు అక్కడ కాపురముండబట్టి రెండు వందల ఏళ్లు దాటింది. చాలామంది ఐరిష్ భాషే మాట్లాడేవారు, ఐరిష్ వాళ్లతో వియ్యమందేవారు. ఇది కూడదని 1366లో కిల్కెన్నీలో చట్టం చేశారు. ఇంగ్లీషే మాట్లాడాలి, లేదా భూమి జప్తు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా తరతరాలు బ్రతికిన మనకు ఆ చట్టం ఎంతవరకు సాగి ఉంటుందో ఒకరు చెప్పనక్కర్లేదు.

1394 అక్టోబరులో రిచర్డ్ పెద్ద సైన్యంతో వాటర్‌ఫర్డ్ రేవులో దిగాడు. లెన్‌స్టర్ అడవుల్లో ఉన్న ఆర్ట్ మెక్‌మరో చుట్టూ కాపలా పెట్టి, ఊళ్లు కాల్చి లొంగదీశాడు. మిగతా ఐరిష్ నాయకులూ వరసగా వచ్చారు. నడికట్టు, కత్తి, టోపీ తీసి, మోకాళ్లమీద నిలిచి, జోడించిన చేతులు రాజు చేతుల్లో పెట్టి ప్రమాణం చేశారు. వాళ్లు పలికింది ఐరిష్‌లో, దుబాసీ చెప్పింది ఇంగ్లీషులో, పత్రం రాసింది లాటిన్‌లో! మేము రైల్వేలో తమిళంలో విన్న ఫిర్యాదులను ఇంగ్లీషులో రాసి పైకి పంపినవాళ్లం. నోటి మాట అంతా కాగితం మీదికి రాదు.

ఇక్కడా అదే జరిగింది. అల్‌స్టర్ ప్రభువు మార్టిమర్ నుంచి రాజు తనను కాపాడతాడని ఓనీల్ నమ్మాడు. రాజేమో 1395 మేలో ఓడ ఎక్కి, ఆ మార్టిమర్‌కే అధికారం అప్పగించి పోయాడు. ఆర్ట్ అయితే ఏడాదికి 80 మార్కులు పుచ్చుకుని, తన మనుషులతో సహా లెన్‌స్టర్ వదిలిపోవాలట. తాతలనాటి నేలను ఎవరు వదులుతారు? అయినా రిచర్డ్‌ను పూర్తిగా తప్పు పట్టలేం. ఇక్కడ తిరగబడినవాళ్లు తమకు జరిగిన అన్యాయాలకు న్యాయం దొరకకే అలా అయ్యారని డబ్లిన్ నుంచి తన మంత్రులకు రాసినవాడు ఆయనే.

1398లో మార్టిమర్ యుద్ధంలో చచ్చిపోయాడు. మరుసటి ఏడు జూన్‌లో రిచర్డ్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఆర్ట్ లొంగలేదు. 400 ఆవుల విలువచేసే గుర్రం మీద, జీను లేకుండా కొండ దిగి వచ్చాడని అప్పుడు సైన్యంతో ఉన్న ఒక ఫ్రెంచివాడు రాశాడు. మాటలు తెగలేదు.

అంతలో ఇంగ్లండులో, రిచర్డ్ ఆస్తి లాక్కుని దేశం వెళ్లగొట్టిన దాయాది హెన్రీ తిరిగివచ్చాడు. ఓడలు చాలక రాజు బయలుదేరడం ఆలస్యమైంది. వేల్స్ చేరేసరికి సైన్యం చెదిరిపోయింది. సెప్టెంబరు ఆఖరున కిరీటం పోయింది, మరుసటి ఏడు మొదట్లో చెరలోనే ప్రాణం పోయింది. ఆర్ట్ మెక్‌మరో ఆ తరవాత పదిహేనేళ్లకు పైగా లెన్‌స్టర్‌లోనే ఉన్నాడు.