ఆరోగ్యవరము – నలిగినవారి విశ్రాంతి

మన ఏర్పేడు నుండి క్షయరోగి ఆరోగ్యవరము చేరవలెనన్న, ఆ రోజులలో మీటరుగేజి బండిలో తిరుపతి మీదుగా పాకాల వెళ్లి, అక్కడ ధర్మవరము బండి పట్టుకొని మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగవలసియుండెను. దగ్గుతో క్రుంగిన మనిషికి అది మహా ప్రయాణము. అంతకంటె భారమైనది ఇంటిలోనే ఉండెను: అతని గ్లాసు వేరు, పడక వేరు.

పలు మిషనులు తమ భేదములను ప్రక్కనపెట్టి కలసి 1912లో మదనపల్లెలో ఈ క్షయ చికిత్సాలయమును ఆరంభించెను. 1915లో అది పట్టణము వెలుపల ఇప్పటి స్థలమునకు మారెను. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని చాలాకాలము నడిపించిరి. అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, నెలల తరబడి పడక, ఇవే వైద్యము. కొందరికి సూదితో ఛాతీలోనికి గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తిని కావలెననియే అణచి ఉంచెడివారు. అది ముడుచుకొని పని మానుకొన్నప్పుడే లోపలి పుండు మానుటకు వీలు కలిగెడిది. దేవుడు అణచుట అనగా ఏమో ఆ రోగులకు ప్రసంగము అక్కరలేకయే తెలిసియుండును.

ఈ సంగతి చదివినప్పుడెల్ల మాకు ఏలీయా జ్ఞాపకము వచ్చును. మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో, కర్మెలుమీద అగ్నిని చూచిన ఆ ప్రవక్తయే బదరీవృక్షము క్రింద చావు కోరెను. దేవుడు అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రెండుసార్లు రొట్టె, నీళ్లు పంపెను. హోరేబులో మాటలాడినది ఆ తరువాతనే. రొట్టెను దాటి మెల్లని స్వరమునకు త్వరపడుట ప్రసంగీకులకు వాడుక.

ఆరోగ్యవరము వెళ్లినవారందరును కోలుకొనలేదు. మందులేని ఆ దినములలో అనేకులు అక్కడనే కన్నుమూసిరి. స్వస్థతయే కృపకు కొలబద్ద అయినచో వారిని గూర్చి మనము ఏమనగలము? ఇంటిలో వెలియైనవానికి అక్కడ ప్రక్క పడకవాడు పొరుగువాడాయెను. అదియు బాగుచేయుటయే అని మా తలంపు.

1948లో మన దేశములో బి.సి.జి. టీకా ప్రయోగాత్మకముగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇంటివద్ద మందులు వాడినను చాలునని 1959లో మద్రాసు పరిశోధన చూపగా, ఇట్టి చికిత్సాలయముల అవసరము తగ్గెను. ఆరోగ్యవరము నేడు అన్ని జబ్బులకును ఆసుపత్రి. క్షయకు మందు గ్రామమునకే ఉచితముగా వచ్చుచున్నది. సాధారణముగా ఆరు నెలలు వాడిన చాలును. అయినను పెండ్లి సంబంధములు చెడునని ఆ జబ్బును దాచుకొను కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. ప్రభురాత్రి భోజనపు గిన్నె దగ్గర అందరి వెనుక నిలిచి, తమ వంతు కొరకు కనిపెట్టువారిని మేము ఎరుగుదుము.