విరళీకరణము: టేకుచెట్ల ఋతువృద్ధి

దట్టముగ పెరిగిన వనమున బక్కచెట్లను, వంకరచెట్లను కొట్టివేసి మిగిలినవానికి చోటు కల్పించుట విరళీకరణము. వాడుకలో దీనినే పలుచన చేయుట యందురు. కొండగట్టు మొదలు ఆదిలాబాదు వఱకు వ్యాపించిన ఆకురాల్చు అడవులలో ముఖ్యవృక్షమగు టేకు వేసవిలో మోడై నిలిచి, తొలకరితో చిగిర్చి, ప్రధానముగ నైరృతి ఋతుపవనకాలముననే తన కాండమును వృద్ధిచేసికొనును. కోసిన మొద్దు ముఖమున తొలకరినాటి పెద్దరంధ్రముల వరుసయు, దానివెంట గట్టికొయ్యయు గలసి యేటికొక వలయముగ స్పష్టముగ గానవచ్చును. రెండేసి మీటర్ల యెడమున హెక్టారునకు 2,500 మొక్కలు నాటిన తోటలో కొన్నియేండ్లకే కొమ్మలు పెనగి, వేళ్లు నీటికై పోరాడుటచే వలయములు సన్నగిలును. కావున సుమారు 5వ యేట నొకసారియు 10వ యేట నొకసారియు పలుచన చేయుట ఆచారము. అప్పుడు నిలిచిన చెట్లకు వెలుతురు హెచ్చుటయే కాక, వానలు వెనుదీసిన పిమ్మటను నేలలో తడి మిగులుటచే వృద్ధి మఱికొన్నినాళ్లు సాగి వలయములు వెడల్పగును. అయితే అడవి మొత్తము కలప దీనివలన పెరుగునని తలపరాదు. పెరుగుదల కొన్ని మేలుచెట్లయందు కూడుకొనుటయే యిందలి ప్రయోజనము. అతిగ పలుచన చేసినచో బోదెలపై పిలకలు పుట్టి కొయ్య ముడులువాఱును. గడ్డి బలిసి వేసవిలో కార్చిచ్చునకు మేతయగును.