మొక్కల క్వారంటైన్ చట్టాలు: లక్ష్యాలు, అమలు

విదేశాల నుంచి వచ్చే విత్తనాలు, మొక్కలు, పండ్లు, కలప వెంట కొత్త పురుగులు, తెగుళ్లు దేశంలోకి ప్రవేశించకుండా నిరోధించడం మొక్కల క్వారంటైన్ చట్టాల ప్రధాన లక్ష్యం. వీటిని అమలు చేసే సస్యరక్షణ, క్వారంటైన్, నిల్వ డైరెక్టరేట్ కేంద్ర కార్యాలయం ఢిల్లీకి ఆనుకుని ఉన్న ఫరీదాబాద్‌లో ఉంది. పరిశోధన కోసం తెప్పించే విత్తనాలను మాత్రం ఢిల్లీలోని పూసా ప్రాంగణంలో గల జాతీయ మొక్కల జన్యువనరుల బ్యూరో పరీక్షిస్తుంది. ఈ సంస్థకు హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లోనూ కేంద్రం ఉంది.

ఈ కథ పత్తితో మొదలైంది. అమెరికాలో పత్తి చేలను నాశనం చేస్తున్న ముక్కుపురుగు ఇక్కడికి రాకుండా 1906లో దిగుమతి బేళ్లకు ఫ్యూమిగేషన్‌ను తప్పనిసరి చేశారు. 1914లో విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం వచ్చింది. ఆ ముక్కుపురుగు నేటికీ భారత్‌లో స్థిరపడలేదు. ప్రస్తుతం దిగుమతులను 1914 చట్టం కింద జారీ అయిన 2003 నాటి ఉత్తర్వు నియంత్రిస్తోంది. సరుకును బట్టి పర్మిట్, ఎగుమతి చేసే దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కొన్ని దేశాల నుంచి కొన్ని మొక్కలకు పూర్తి నిషేధం ఉంది.

ముందే ఆపాలన్న పట్టుదలకు కారణం ఉంది. కొత్త చోటికి వచ్చిన పురుగుకు స్వస్థలంలోని సహజ శత్రువులు ఇక్కడ ఉండవు. 2018లో కర్ణాటకలో మొదట కనిపించిన కత్తెర పురుగు అనతికాలంలోనే తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నకు పాకింది. 2015లో బొప్పాయిపై నమోదైన ఆగ్నేయాసియా తామర పురుగు 2021-22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిర్చి రైతులను కుదేలు చేసింది. రెక్కలున్న పురుగు పర్మిట్ అడగదు. చట్టం ఆపగలిగేది మనిషి మోసుకొచ్చే వాటినే.

లోపలికి వచ్చాక బాధ్యత రాష్ట్రాలపైనా పడుతుంది. 1919 నాటి మద్రాసు చట్టం ప్రకారం, ప్రకటిత తెగులును భూమి అనుభవిస్తున్నవారే అరికట్టాలి. వారు చేయకపోతే అధికారులు చేయించి ఆ ఖర్చు వసూలు చేయవచ్చు.

ఈ నిబంధనలు వాణిజ్యానికి అడ్డుగోడలు కాకూడదన్నది 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం షరతు. ఆంక్షలకు శాస్త్రీయ ఆధారం ఉండాలి. ఆ కత్తికి రెండు వైపులా పదునే. పండు ఈగల కారణంగా 2014 మేలో యూరోపియన్ యూనియన్ భారత మామిడి దిగుమతులను నిలిపివేసింది. ఎగుమతుల తనిఖీ వ్యవస్థను భారత్ మెరుగుపరిచాక 2015 ఆరంభంలో ఆ నిషేధం తొలగింది.