ఏడు గడియల కాగితం

గట్టిగా నాలుగు మాటలు మాట్లాడిన ఆడదాన్ని "నాయకురాలు నాగమ్మ" అనేయడం మనవాళ్ళకు అలవాటు. కోడలు అత్తగారికి ఎదురు చెప్పినా నాగమ్మే, టీచరమ్మ హెడ్మాస్టరును లెక్క అడిగినా నాగమ్మే. ఆ నాగమ్మ కథలో కోడిపందెం అందరికీ గుర్తుంది, విషప్రయోగం గుర్తుంది, యుద్ధం గుర్తుంది. ఆవిడ చేతిలో ఉన్న కాగితం మాత్రం ఎవరికీ గుర్తు లేదు. మాటమీద నిలకడా, ఎదుటిమనిషంటే మన్ననా లేని పైఅధికారి కింద పనిచేసే ఆడవాళ్ళు ముందుగా చూడవలసింది ఆ కాగితాన్నే!

పన్నెండో శతాబ్దం చివరి నాటి సంగతి. పల్నాటిలో జిట్టగామాలపాడు అనే ఊళ్ళో నాగమ్మ ఉండేది. వితంతువు. చేతిలో భూమీ, పుట్రా, పదిమందికి పెట్టగల ఓపికా ఉన్న మనిషి. మండుటెండలో పరివారంతో అలిసి వచ్చిన రాజుకు నీడా, నీళ్ళూ, భోజనమూ ఇచ్చింది. ఆ రాజు అనుగురాజని కొందరూ, ఆయన కొడుకు నలగామరాజని కొందరూ చెబుతారు. రాజుగారు సంతోషించి "ఏం కావాలో కోరుకో" అన్నాడు. మనలో ఎవరమైనా అయితే నగో, పొలమో అడిగేవాళ్ళం. ఆవిడ ఏడు గడియలపాటు మంత్రి పదవి అడిగింది. అంతటితో ఆగలేదు, అది రాసి ఇమ్మంది.

గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. ఏడు గడియలంటే రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. ఆఫీసులో అయితే హాజరుపట్టీలో సంతకం పెట్టిన దగ్గర్నించి కారియరు విప్పేదాకా పట్టే వేళ! ఈ మాత్రానికి రాతకోతలెందుకని రాజు నవ్వుకునే ఉంటాడు. (కాగితమని నేనంటున్నాను గానీ ఆ రోజుల్లో అది తాటాకో, రాగిరేకో అయివుంటుంది. చేవ్రాలున్నదా లేదా అన్నదే మనకు కావలసిన ముక్క.) పెద్దల నోటిమాట పూటకో తీరున మారుతుందని ఆ పల్లెటూరి మనిషికి ఎవరు చెప్పారో తెలియదు. గురజాల కొలువులో ఆ రాత చూపించినరోజున కాదనే దారి ఎవరికీ లేకపోయింది.

ఇక అవతలి పక్క బ్రహ్మనాయుడున్నాడు. తండ్రి దొడ్డనాయుడి కాలంనించీ ఆ ఇంటికి మంత్రిత్వం చేసిన వంశం. అంతటి మనిషి చేతిలోని పని తీసి ఇంకొకరికి ఇచ్చేటప్పుడు నలగామరాజు ఏం చేశాడు? ఏమీ చేయలేదు. కథలో నాకు అన్నిటికన్నా మండే ఘట్టం అదే. పైవాడి అమర్యాద అంటే ఫైలు మొహాన విసిరేయడం, పదిమందిలో "నీకేం తెలుసమ్మా, కూర్చో" అనడం మాత్రమేనని అనుకుంటాం. నోరెత్తి ఒక్క మాటనకుండా చేసే అమర్యాద ఇంకోటుంది. ఏళ్ళ తరబడి చేసినవాడి ఎదుటే, అతనితో ఒక్క మాట చెప్పకుండా ఆ పని మరొకరికి అప్పజెప్పడం, ఇద్దరూ తగువులాడుకుంటుంటే ఎవరు గెలిస్తే వారివైపు తిరగడం. నలగాముడు ఆ రెండో తరహా యజమాని. ఆయన నోరు జారినట్టు కథలో పెద్దగా కనబడదు. ఆయన మౌనం మాత్రం అడుగడుగునా కనబడుతుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అధికారం చేతికొచ్చాక నాగమ్మ చేసినవీ తక్కువేమీ కావు. ఏడు గడియలకని ఎక్కిన సీటు ఆవిడ మళ్ళీ దిగలేదు. కింద ఉన్నన్నాళ్ళూ కాగితం విలువ తెలిసిన మనిషి, పైకెక్కాక కిందివాళ్ళకు ఏ కాగితమూ మిగలనీయలేదు. అయితే ఈ కథను తరతరాలుగా పాడుతూ వచ్చింది కారెంపూడి వీరులను కొలిచేవాళ్ళు. అది కూడా మనసులో పెట్టుకుని వినాలి. శ్రీనాథుడి పేరున ద్విపదగా మనకు దక్కినదాంట్లోనూ నాగమ్మ పక్షాన మాట్లాడిన గొంతు లేదు. సినిమాలవాళ్ళు కాస్త నయం. 1947లో కన్నాంబగారినీ, 1966లో భానుమతిగారినీ ఆ వేషంలో చూసి ఇళ్ళకు వెళ్ళిన ఆడవాళ్ళు నాగమ్మను బొత్తిగా అసహ్యించుకున్నారంటే నేను నమ్మను.

బ్రహ్మనాయుడు చేసిందేమిటి? ఆ కొలువులో ఇక ఇమడలేనని తెలుసుకుని రాజ్యం పంచమన్నాడు. గురజాల నలగాముడికి, మాచర్ల తమ్ముడు మలిదేవుడికి. తను మాచర్ల పక్షాన చేరాడు. గౌరవం లేనిచోట సణుగుతూ కూర్చోక వేరే నీడ చూసుకున్నాడన్నమాట. మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి ఆయనే కట్టించాడంటారు. కులాలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడనీ అంటారు. పైన మరొకరి పెత్తనం లేనప్పుడు మనిషి చేయగల పని ఎంతుంటుందో చూడండి! కానీ అంతటివాడూ రోషం దగ్గర తప్పటడుగు వేశాడు. కోడిపందెంలో రాజ్యం ఒడ్డి ఓడాడు. ఏడేళ్ళు ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అడగడానికి వెళ్ళిన అలరాజు స్వయానా నలగాముడి అల్లుడు. రాయబారానికొచ్చిన ఆ అల్లుడికి విషం పెట్టారు. కూతురు పేరిదేవి సహగమనం చేసింది. అప్పుడు కూడా రాజుగారు రాజుగారే!

తరవాత కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధం. బాలచంద్రుడు పోయాడు, రెండు పక్షాల్లోనూ వీరులంతా పోయారు. చివరికి బ్రహ్మనాయుడు నలగాముణ్ణే మళ్ళీ గద్దెమీద కూర్చోబెట్టి, తను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని కథ. సమర్థులైన ఇద్దరు మంత్రులు ఒకరినొకరు తుడిచిపెట్టుకున్నారు, కుర్చీ మాత్రం కదలలేదు. ఆఫీసుల్లో ఇద్దరు ఆడవాళ్ళు మేనేజరు దగ్గర మంచిపేరు కోసం ఒకరిమీద ఒకరు చాడీలు చెప్పుకుంటున్నారని విన్నప్పుడల్లా నాకు నాగులేరే గుర్తొస్తుంది.

అందుకే మళ్ళీ కాగితం దగ్గరికొస్తున్నాను. "ఆ బిల్లు ఇవాళే పంపించెయ్" అని నోటితో చెప్పి, రేపు ఆడిట్లో దొరికితే "నేనెప్పుడు చెప్పానమ్మా?" అనే ఆఫీసరు తెలియనివాళ్ళు మనలో తక్కువ. ఈ బాధ సర్కారుకీ తెలుసు. కేంద్రప్రభుత్వ ఉద్యోగుల నడవడికి 1964లో చేసిన నియమాల్లో దీనికి మందుంది. పైఅధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలి. తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాసి ధ్రువపరచాలి. కిందివారు కూడా అలా రాసిమ్మని అడగాలి, అడిగితే ఇవ్వడం ఆయన విధి. అంటే రాతలో కోరడం పొగరు కింద రాదు, నియమం ప్రకారం మన పనే. ప్రైవేటు కొలువుల్లో ఇలాంటి నియమం లేకపోవచ్చు. అయినా "మీరు ఉదయం చెప్పిన ప్రకారం బిల్లు పంపుతున్నాను" అని తేదీ వేసి ఒక్క వాక్యం రాసి పంపడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ ఒక్క వాక్యానికి "నువ్వు" కాస్తా "మీరు"గా మారిన ఆఫీసర్లున్నారు!

అమర్యాద హద్దు మీరి ఆడతనం మీదికి వచ్చినప్పుడు మాత్రం మన చేతికి కాగితం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. రాజస్థాన్‌లో భఁవరీదేవి ప్రభుత్వ పథకంలో గ్రామ కార్యకర్త. ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమెమీద సామూహిక అత్యాచారం జరిగింది. ఉద్యోగధర్మం చేసినందుకు వచ్చిన ఆపద అది. దాన్నుంచి పుట్టిన విశాఖ కేసులో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న పనిచేసే చోట్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చట్టంగా మారడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ చట్టం లైంగిక వేధింపులకే గానీ ఉత్త దురుసుతనానికి వర్తించదు, అది తెలిసి ఉండడం మంచిది. పదిమందీ అంతకు మించీ పనిచేసేచోట లోపలే ఒక కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు ఆడమనిషే అయివుండాలి. జరిగిన మూడు నెలల్లో రాతమూలకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పదిమంది కన్నా తక్కువున్న చోటయినా, ఫిర్యాదు సాక్షాత్తూ యజమానిమీదే అయినా జిల్లాకొక స్థానిక కమిటీ ఉంటుంది. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డ పల్నాడు జిల్లాకైనా అదే చట్టం. గురజాలలో బట్టలకొట్టులో నిలబడే పిల్లా, మాచర్లలో డాక్టరుగారి దగ్గర చీటీలు రాసే పిల్లా ఆ గడప తొక్కవచ్చు.

ఇళ్ళల్లో అంట్లు తోమే మనిషికీ ఆ గడప తెరిచే ఉంటుంది. ఆవిడకు రాయడం రాకపోతే కమిటీవారే రాసిపెట్టాలని చట్టంలో ఉంది. ఆ మాట మన పనిమనిషికి చెప్పవలసింది మరెవరో కాదు, ఆవిడ యజమానులం మనమే కదా!