శేషగిరిరావు రాళ్లు, మా గుట్టలు

మా ఊరి పేరులోనే రాయి ఉంది. ఓరుగల్లన్నా, ఏకశిలానగరమన్నా ఒంటిరాయి ఊరే. ఆ ఒంటిరాయి గుట్ట ఇప్పటికీ కోట లోపల ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న రాళ్లే కదా అని నేనెన్నడూ ఆగి చూడలేదు. కొండపల్లి శేషగిరిరావు బొమ్మలు చూశాకే ఆగడం అలవాటైంది.

ఆయన మా ఉమ్మడి జిల్లా మనిషి. 1924లో మహబూబాబాద్ దగ్గరి పెనుగొండలో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోసు దగ్గర నేర్చుకుని వచ్చి, హైదరాబాదులో ఎందరికో చిత్రకళ చెప్పారు. 2012లో పోయారు. పురాణ చిత్రాలకు పేరొచ్చింది గానీ, నా మనసు ఆయన రాళ్ల బొమ్మల దగ్గరే ఆగింది. మన గుండ్లను ఆయన మనుషుల ముఖాల్లా చూశారనిపిస్తుంది.

ఆ చూపుతోనే ఒకరోజు హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కాను. బండమీద చెక్కిన జైన తీర్థంకరులు, 1117 నాటి శాసనం, కింద బతుకమ్మలను సాగనంపే గుండం అందరికీ తెలిసినవే. దిగేటప్పుడు ఒక బండ అంచున ఉలి గుంతలు కనిపించాయి. జానెడుకొకటి, ఏడు. ఎనిమిదోది సగంలోనే ఆగింది. వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగింది. ఎవరో రాయి చీల్చబోయి, ఎందుకో వదిలేసి పోయారు. ఎప్పటివారో గానీ, ఆ చేయి అక్కడే ఉన్నట్టుంది.

అప్పటి నుంచి నాకు మా చుట్టూ ఉన్నదేదీ దానంతటదే పుట్టినట్టు కనిపించదు. రెండు గుట్టల నడుమ మట్టికట్ట పోస్తే చెరువు. కాకతీయులు పాకాలలో చేసిందీ, రామప్పలో చేసిందీ అదే. గుట్టలు దేవుడిచ్చినవి, వాటి మధ్య కట్ట, తూము, మత్తడి మాత్రం మన తాతలవి. మత్తడి దూకిన నీళ్లు కిందిచెరువుకు పోయేలా గొలుసుకట్టుగా కూర్చారు. వానాకాలం గుట్టెక్కి చూస్తే ఆ కూర్పంతా ఒక్క గీతలా తెలుస్తుంది.

2024 చివర్లో పూడిక తీయడానికి మా ఊరి భద్రకాళి చెరువు ఖాళీ చేశారు. ఎన్నడూ చూడని చెరువు అడుగు, నల్లమట్టిలోంచి తేలిన బండలు చూడ్డానికి రోజూ వెళ్లాను. నీళ్లు నిండితే మళ్లీ కనిపించవని కట్టమీద కూర్చుని పెన్సిల్‌తో గీసుకున్నాను. చేయి తిరిగినవాణ్ణి కాను. నాలుగు పేజీలు నిండాయి. దాచుకున్నాను.